సాఫ్ట్‌వేర్ వృత్తి (తిరుపతి - చిత్తూరు ప్రాంతం)

సాఫ్ట్‌వేర్ వృత్తి అనగా కంప్యూటరు చేయవలసిన పనికి ఆదేశాలను రచించి, పరీక్షించి, అవి వాడుకలో ఉన్నంతకాలం సరిదిద్దుతూ నిర్వహించే వృత్తి. ఈ వృత్తిలో ఉన్నవారిని సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, డెవలపర్, ప్రోగ్రామర్ అని వ్యవహరిస్తారు. దక్షిణ రాయలసీమలోని తిరుపతి, చిత్తూరు ప్రాంతం నుండి 1990ల చివరి భాగం మొదలుకొని యువతీ యువకులు పెద్ద సంఖ్యలో ఈ వృత్తిలో ప్రవేశించారు. వీరిలో ఎక్కువమంది బెంగళూరు, చెన్నై, హైదరాబాదు నగరాలలోను, విదేశాలలోను పనిచేస్తున్నారు.

ఈ వృత్తిలో వాడే ప్రోగ్రామింగ్ భాషలు, పరికరాలు కొన్నేళ్ళకొకసారి మారుతూ ఉంటాయి. సమస్యను అడిగి తెలుసుకోవడం, ఇతరులు రాసినదానిని ఓపికగా చదవడం, చేసిన ప్రతి మార్పుకు లెక్క ఉంచడం, తెలియని విషయాన్ని తెలియదని చెప్పడం వంటి అలవాట్లు మాత్రం ఎప్పటికీ పనికివస్తాయి. వీటిని నేర్చుకోవడానికి మహానగరానికి వెళ్ళనవసరం లేదు. ఈ వ్యాసంలో ప్రాంతీయ నేపథ్యం, పని స్వరూపం, పాటించదగిన పద్ధతులు, ఉద్యోగ ప్రవేశంలో తీసుకోవలసిన జాగ్రత్తలు వివరించబడినవి.

ప్రాంతీయ నేపథ్యం

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడినది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్వ్యవస్థీకరణలో తిరుపతి ప్రత్యేక జిల్లా కాగా, మదనపల్లె ప్రాంతం అన్నమయ్య జిల్లాలో చేరినది. ఈ ప్రాంతం తమిళనాడు, కర్ణాటక రాష్ట్రాల సరిహద్దులో ఉన్నది. తిరుపతి నుండి చెన్నై సుమారు 140 కిలోమీటర్లు, బెంగళూరు సుమారు 250 కిలోమీటర్ల దూరంలో ఉన్నవి. మూడు రాష్ట్రాలు కలిసే చోట ఉన్న కుప్పం, చెన్నై - బెంగళూరు ప్రధాన రైలు మార్గంపై ఉన్నది. అందువలన ఉద్యోగం కోసం రాష్ట్ర రాజధానికి వెళ్ళడం కంటే పొరుగు రాష్ట్రాల నగరాలకు వెళ్ళడమే ఇక్కడివారికి దగ్గర. వారాంతంలో సొంత ఊరికి వచ్చి, ఆదివారం రాత్రి బస్సులోనో రైలులోనో తిరిగి వెళ్ళే ఉద్యోగులు ఈ ప్రాంతంలో సర్వసాధారణం.

ఈ ప్రాంతంలో ఉన్నత సాంకేతిక విద్యకు పునాది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం. ఇది 1954లో స్థాపించబడినది. దీని ఇంజనీరింగ్ కళాశాల 1959లో ప్రారంభమైనది. మహిళల కోసం శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లో ఏర్పడినది. 1990లలో ప్రైవేటు ఇంజనీరింగ్ కళాశాలలు పెరిగాయి. తిరుపతి సమీపంలో ఎ.రంగంపేట వద్ద శ్రీ విద్యానికేతన్ ఇంజనీరింగ్ కళాశాల 1996లో, మదనపల్లె వద్ద మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ 1998లో మొదలైనవి. తరువాతి కాలంలో శ్రీసిటీలో ఐఐఐటి (2013), తిరుపతిలో ఐఐటి, ఐసర్ (2015) వచ్చినవి.

1990ల చివరలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు ఒక్కసారిగా పెరగడానికి ఒక కారణం వై2కె సమస్య. పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండు అంకెలతోనే నమోదు చేసేవారు. 2000 సంవత్సరం రాగానే కంప్యూటరు దానిని 1900గా పొరబడే ప్రమాదం ఏర్పడినది. కోట్లాది పంక్తుల పాత కోడ్‌ను చదివి సరిచేయవలసి రావడంతో భారతీయ సంస్థలకు విస్తారంగా పని లభించినది. డిగ్రీ పూర్తిచేసి హైదరాబాదులోని అమీర్‌పేటలో శిక్షణ పొంది ఉద్యోగాలలో చేరడం అప్పటి నుండి తెలుగు యువతకు పరిచితమైన మార్గమైనది.

ఈ వృత్తి ఒడిదుడుకులకు అతీతమైనది కాదు. 2000-2001లో డాట్‌కామ్ సంస్థల పతనం, 2008 ఆర్థిక మాంద్యం, 2009 జనవరి 7న బయటపడిన సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణం, 2022-2023లో అంతర్జాతీయ సంస్థల ఉద్యోగ కోతలు ప్రతిసారీ కొత్తగా పట్టా పొందినవారిని ఎక్కువగా దెబ్బతీశాయి. అమెరికా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 2001-2003 ఆర్థిక సంవత్సరాలలో 1,95,000 ఉండగా, 2004లో తిరిగి 65,000కు తగ్గినది. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై 1,00,000 డాలర్ల రుసుము ప్రకటించబడినది. పిల్లల చదువు కోసం భూమి అమ్మిన, అప్పు చేసిన కుటుంబాలకు ఇటువంటి మార్పులు భారమవుతాయి. కాబట్టి ఒకే దేశం, ఒకే సంస్థ, ఒకే ప్రోగ్రామింగ్ భాషపై ఆశలన్నీ పెట్టుకొనడం క్షేమం కాదు.

కుప్పం ప్రయోగం

కంప్యూటర్లను పల్లె జీవితానికి దగ్గర చేయడానికి ఈ ప్రాంతంలో జరిగిన పేరొందిన ప్రయత్నం కుప్పం ఐ-కమ్యూనిటీ. హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కలిసి 2002లో దీనిని సుమారు మూడేళ్ళ కాలానికి చేపట్టినది. కుప్పం నియోజకవర్గంలోని గ్రామాలలో సమాచార కేంద్రాలు ఏర్పాటు చేసి ప్రభుత్వ సేవలు, వ్యవసాయ సమాచారం, కంప్యూటరు శిక్షణ అందించారు. స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, సౌరశక్తితో పనిచేసే ప్రింటరు ఇచ్చి, ఊళ్ళలోనే ఫోటోలు తీసి అచ్చువేసి ఆదాయం పొందే ఏర్పాటు చేశారు.

గడువు ముగిసిన తరువాత కంపెనీ ప్రత్యక్ష పాత్ర నుండి తప్పుకున్నది. ఇటువంటి పథకాలను పరిశీలించే విద్యార్థులు గమనించవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నవి. నిర్మించినవారు వెళ్ళిపోయిన తరువాత యంత్రం చెడిపోతే ఎవరు బాగుచేస్తారు? విద్యుత్తు, కాగితం, ఇంకు ఖర్చు ఎవరు భరిస్తారు? ఆ సేవ కోసం ప్రజలు మళ్ళీ మళ్ళీ వస్తారా? ప్రతి సాఫ్ట్‌వేర్ విషయంలోను ఈ ప్రశ్నలు వర్తిస్తాయి. ప్రారంభోత్సవం ఒక్కరోజు పని, నిర్వహణ ఏళ్ళ తరబడి పని.

పని స్వరూపం

సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటే రోజంతా కొత్త ప్రోగ్రాములు రాయడమని కళాశాల విద్యార్థులు భావిస్తుంటారు. వాస్తవానికి కొత్తగా చేరినవారికి ఎక్కువగా లభించేది నిర్వహణ పని. ఎన్నో ఏళ్ళ క్రితం ఎవరో రాసిన కోడ్‌ను చదవడం, వాడుకరులు తెలిపిన లోపాలను వెదకి సరిచేయడం, చిన్న చిన్న మార్పులు చేర్చడం ఇందులో భాగాలు. దీనిని చిన్నచూపు చూడరాదు. పెద్ద వ్యవస్థ ఎలా నిలబడుతుందో, ఎక్కడ విరుగుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి బడి లేదు.

సంస్థలను స్థూలంగా రెండు రకాలుగా చెప్పవచ్చును. మొదటి రకం సేవా సంస్థలు. ఇవి ఇతర కంపెనీల పనిని ఒప్పందంపై చేసిపెడతాయి. రెండవ రకం ఉత్పత్తి సంస్థలు. ఇవి తమ సొంత సాఫ్ట్‌వేరును తయారుచేసి అమ్ముతాయి. సేవా సంస్థలలో పెద్ద సంఖ్యలో నియామకాలు, ఆరంభ శిక్షణ ఉంటాయి. ఉత్పత్తి సంస్థల ప్రవేశ పరీక్షలలో దత్తాంశ నిర్మాణాలు, అల్గారిథములు, వ్యవస్థ రూపకల్పనపై లోతైన ప్రశ్నలు అడుగుతారు. ప్రోగ్రామింగ్‌తో పాటు పరీక్షకులు, డేటాబేస్ నిర్వాహకులు, నెట్‌వర్క్ నిపుణులు, భద్రతా నిపుణులు, సాంకేతిక రచయితలు కూడా ఈ రంగంలో అవసరమే.

పాటించదగిన పద్ధతులు

సమస్యను తెలుసుకోవడం

ప్రోగ్రాము రాయడానికి ముందు, దానిని వాడేవారి పనిని తెలుసుకోవాలి. ఉదాహరణకు మదనపల్లె టమాట మార్కెట్ దేశంలోని పెద్ద టమాట మార్కెట్లలో ఒకటి. అక్కడి మండీకి లెక్కల ప్రోగ్రాము రాయవలసి వచ్చినదనుకొందాము. సరుకు పెట్టెల లెక్కన వస్తుంది. ధరను ఒకచోట పెట్టెకు, మరొకచోట కిలోకు చెప్పుకొంటారు. నాణ్యతను బట్టి ఒకే రైతు సరుకుకు రెండు మూడు ధరలు పలకవచ్చును. కమీషను, కూలి, రవాణా ఖర్చులు వేరుగా ఉంటాయి. కార్యాలయంలో కూర్చొని "పరిమాణం, ధర, మొత్తం" అని మూడు గడులు గీసిన ప్రోగ్రాము తెల్లవారుజామున వేలం వద్ద పనికిరాదు. ఒక ఉదయమంతా మండీలో నిలబడి గుమస్తా చీటీ ఎలా రాస్తున్నాడో చూసినవారికి సగం పని పూర్తయినట్లే.

చదవడం, రాయడం

కోడ్‌ను ఒకసారి రాస్తారు, అనేకమార్లు చదువుతారు. కాబట్టి చదివేవారి సౌలభ్యమే ప్రధానం. చరరాశులకు అర్థవంతమైన పేర్లు పెట్టడం, ఒక భాగం ఒకే పని చేసేటట్లు విభజించడం, ఎందుకు అలా చేయవలసి వచ్చినదో వ్యాఖ్యలో తెలపడం మంచి పద్ధతులు. "ఏమి చేస్తున్నది" అన్నది కోడ్‌లోనే కనబడుతుంది, "ఎందుకు" అన్నది మాత్రం రాసినవారు చెబితేనే తెలుస్తుంది. వై2కె సమయంలో పాత ప్రోగ్రాములను సరిదిద్దినవారికి అత్యంత కష్టమైనది ఈ "ఎందుకు"ను ఊహించడమే. తాత్కాలికమనుకొన్న పరిష్కారాలు దశాబ్దాలు నిలిచిపోవడం ఈ రంగంలో సహజం. 32 బిట్లలో కాలాన్ని లెక్కించే పాత వ్యవస్థలకు 2038 జనవరి 19న ఇటువంటి చిక్కే మరొకటి ఎదురు కానున్నది.

మార్పుల చరిత్ర

ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో నమోదు చేసే పరికరాలను వెర్షన్ నియంత్రణ వ్యవస్థలు అంటారు. వీటిలో నేడు విస్తారంగా వాడబడుతున్న గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించాడు. విద్యార్థులు మొదటి సంవత్సరం నుండే దీనిని అలవాటు చేసుకొనవచ్చును. "ప్రాజెక్టు", "ప్రాజెక్టు కొత్తది", "ప్రాజెక్టు చివరిది" అని ఫోల్డర్లు పెంచుకొంటూ పోవడం కంటే ఇది ఎంతో మేలు. ఒక్కొక్క మార్పు చిన్నదిగా, దాని వివరణ ఒక వాక్యంలో చెప్పదగినదిగా ఉండాలి. బ్యాకప్ విషయంలో ఒక నియమం ముఖ్యం. తిరిగి తెరచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్‌గా లెక్కించరాదు.

దోషాన్వేషణ

ప్రోగ్రాములోని దోషాన్ని బగ్ అంటారు. దోషాన్ని కనుగొనడంలో అనుభవజ్ఞులు సాధారణంగా ఈ క్రమాన్ని పాటిస్తారు.

- దోష సందేశాన్ని పూర్తిగా, నిదానంగా చదవడం. చాలాసార్లు కారణం అందులోనే ఉంటుంది.
- దోషం ప్రతిసారీ వచ్చేటట్లు చేయగలగడం. అలా చేయలేనంతవరకు అది సరి అయినదో లేదో చెప్పలేము.
- నిన్న పనిచేసినది నేడు పనిచేయకపోతే మధ్యలో ఏమి మారినదో చూడడం.
- ఒక్కసారి ఒక్క మార్పే చేసి ఫలితాన్ని గమనించడం. అయిదు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసినదో తెలియదు.
- సమస్యను పక్కవారికి మాటలలో వివరించడం. వివరిస్తుండగానే కారణం తట్టడం తరచుగా జరుగుతుంది.
- సరిచేసిన తరువాత ఆ దోషం మళ్ళీ రాకుండా పరీక్షను చేర్చడం.

విడుదలలో జాగ్రత్త

పరీక్షించిన మార్పునైనా అందరికీ ఒకేసారి పంపరాదు. మొదట కొద్దిమంది వాడుకరులకు ఇచ్చి, సవ్యంగా ఉన్నదని తెలిసిన తరువాత విస్తరించాలి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన నవీకరణ వలన ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నిలిచిపోయినవి. భారతదేశంలోని కొన్ని విమానాశ్రయాలలో సిబ్బంది బోర్డింగ్ పాసులను చేతితో రాసి ఇవ్వవలసి వచ్చినది. వెనుకకు మళ్ళే దారిని ముందే సిద్ధం చేసుకొనడం, శుక్రవారం సాయంత్రం పెద్ద మార్పులు విడుదల చేయకపోవడం ఈ రంగంలో ఆనవాయితీగా చెప్పుకొనే జాగ్రత్తలు.

గడువు అంచనా

పని ఎన్ని రోజులలో పూర్తవుతుందన్న ప్రశ్నకు కొత్తవారు సాధారణంగా తక్కువ చేసి చెబుతారు. కోడ్ రాసే సమయాన్ని మాత్రమే లెక్కించి, పరీక్షలు, సమీక్షలు, ఇతరుల సమాధానం కోసం ఎదురుచూపులు మరచిపోవడం ఇందుకు కారణం. పనిని ఒకటి రెండు రోజుల ముక్కలుగా విడదీసి లెక్కిస్తే అంచనా వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. ఆలస్యం కానున్నదని తెలిసిన రోజే చెప్పడం ముఖ్యం, గడువు నాటి ఉదయం చెప్పిన మాట ఎవరికీ ఉపయోగపడదు. ఆలస్యమైన పనికి అదనంగా మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుందని ఐబిఎమ్‌లో ఓఎస్/360 నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ తన 1975 నాటి గ్రంథం "ది మిథికల్ మ్యాన్-మంత్"లో వివరించాడు. కొత్తవారికి పని నేర్పడానికి పాతవారి సమయమే ఖర్చు కావడం ఇందుకు ఒక కారణం.

రద్దీని తట్టుకొనే సేవలు: ఒక ఉదాహరణ

తిరుమల తిరుపతి దేవస్థానం 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను నెలవారీ కోటాగా అంతర్జాలంలో విడుదల చేస్తుంది. ప్రకటించిన సమయానికి దేశవిదేశాల భక్తులు ఒకేసారి ప్రయత్నిస్తారు. ఇటువంటి సేవను నిర్మించేవారు ఎదుర్కొనే సమస్యలు డెవలపరుకు చక్కని పాఠాలు.

మొదటిది ఏకకాలపు పోటీ. ఒకే ఒక టికెట్ మిగిలి ఉన్నప్పుడు ఇద్దరి అభ్యర్థనలు ఒకే క్షణంలో "ఒకటి ఉన్నది" అని చదివితే, అదే టికెట్ ఇద్దరికీ అమ్ముడుపోవచ్చును. చదవడం, తగ్గించడం అనే రెండు చర్యలను విడదీయరాని ఒకే చర్యగా డేటాబేస్‌లో జరిపించడం దీనికి పరిష్కారం.

రెండవది పునరావృతం. తెర కదలకపోతే వాడుకరి మీటను మళ్ళీ నొక్కుతాడు. ప్రతి లావాదేవీకి ప్రత్యేక సంఖ్య కేటాయించి, అదే సంఖ్యతో రెండవసారి వచ్చిన అభ్యర్థనకు పాత ఫలితాన్నే చూపితే డబ్బు రెండుసార్లు కోతపడదు.

మూడవది వరుస. వచ్చిన అందరినీ ఒకేసారి లోపలికి అనుమతిస్తే సర్వరు కుప్పకూలి ఎవరికీ సేవ అందదు. తిరుమలలోని వైకుంఠం క్యూ కాంప్లెక్సులో భక్తులను కంపార్టుమెంటులలో కూర్చోబెట్టి, విడతలుగా ముందుకు పంపుతారు. సర్వర్ల ముందు ఉంచే నిరీక్షణ వరుస కూడా ఇదే సూత్రంపై పనిచేస్తుంది. ఎంతసేపు వేచి ఉండాలో చెబితే వాడుకరి ఓపిక పడతాడు. ఏమీ చెప్పకుండా తెల్లని తెర చూపితే మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి రద్దీని పెంచుతాడు.

తెలుగు సమాచారంతో పని

తెలుగు ప్రాంతపు డెవలపరుకు మాతృభాషా పరిజ్ఞానం వృత్తిలో కూడా ఉపయోగకరం. యూనికోడ్ ప్రమాణంలో తెలుగు లిపికి 128 స్థానాలు కేటాయించబడినవి. కంటికి ఒకటిగా కనిపించే అక్షరం కంప్యూటరులో అనేక సంకేతాలు కావచ్చును. "చిత్తూరు" అనే పదంలో మనకు కనిపించేవి చి, త్తూ, రు అనే 3 అక్షరాలు. యూనికోడ్‌లో అవి 8 సంకేతాలు. యుటిఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు చొప్పున మొత్తం 24 బైట్లు అవసరం. పేరు నమోదుకు 20 బైట్ల గడి ఇచ్చిన డేటాబేస్‌లో చిత్తూరు అనే పదమే పూర్తిగా పట్టదు. సంకేతాల లెక్కన పదాన్ని మధ్యలో కత్తిరిస్తే వత్తు, గుణింతం విడిపోయి తప్పుగా కనిపిస్తుంది.

దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 2018 ఫిబ్రవరిలో జరిగినది. "జ్ఞా" అక్షరానికి సంబంధించిన ఒక సంకేత సముదాయాన్ని తెరపై చూపబోయి ఆపిల్ ఐఫోన్లు, ఇతర ఆపిల్ పరికరాలలోని అనువర్తనాలు కుప్పకూలినవి. సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 విడుదలతో దీనిని సరిచేసినది. తెలుగు వాక్యాలతో పరీక్షించే వ్యక్తి ఏ జట్టులోనైనా అవసరమేనని ఈ ఘటన తెలియజేస్తుంది.

పేర్ల విషయంలోను జాగ్రత్త అవసరం. తెలుగువారిలో ఇంటిపేరు ముందు వస్తుంది, తరచుగా పొడి అక్షరంగానే ఉంటుంది. పొరుగున ఉన్న తమిళులలో తండ్రి పేరు పొడి అక్షరమవుతుంది. "చివరి పేరు తప్పనిసరి, కనీసం మూడక్షరాలు" అని నిబంధన పెట్టిన దరఖాస్తు ఈ ప్రాంతంలో సగంమందిని ఇబ్బంది పెడుతుంది. తిరుపతి పేరునే రోమన్ లిపిలో రెండు మూడు విధాలుగా రాస్తారు. స్పెల్లింగు ఆధారంగా రెండు పట్టికలను జతచేస్తే ఒకే ఊరు మూడు ఊళ్ళుగా లెక్కకు వస్తుంది.

యూనికోడ్ వ్యాప్తికి ముందు పత్రికలు, ప్రచురణ సంస్థలు వేర్వేరు ఫాంటులను వాడేవి. ఒకదానిలో టైపు చేసినది మరొకదానిలో చదవడానికి వీలయ్యేది కాదు. వెన్న నాగార్జున రూపొందించిన పద్మ, వీవెన్ రూపొందించిన లేఖిని వంటి పరికరాలు ఈ అంతరాన్ని పూడ్చడంలో తోడ్పడినవి. ఇవి స్వచ్ఛందంగా చేసినవి. ఇటువంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ పనులలో పాల్గొనడం విద్యార్థులకు ఉచితంగా లభించే ఉత్తమ శిక్షణ.

భాష, సహోద్యోగులతో వ్యవహారం

తెలుగు మాధ్యమంలో చదివినవారు ఆంగ్లం విషయంలో జంకుతుంటారు. ఈ వృత్తిలో కావలసినది అలంకారమైన ఆంగ్లం కాదు. జరిగినది, జరగవలసినది, ప్రయత్నించినది అనే మూడు విషయాలను చిన్న వాక్యాలలో స్పష్టంగా రాయగలిగితే చాలును. రోజూ ఒక పుట సాంకేతిక గ్రంథం చదవడం, చేసిన పనిని అయిదు వాక్యాలలో రాయడం అభ్యాసం చేస్తే ఒక సంవత్సరంలో మార్పు కనిపిస్తుంది. చిత్తూరు ప్రాంతంవారిలో చాలామందికి తమిళమో, కన్నడమో కొంత వస్తుంది. చెన్నై, బెంగళూరు కార్యాలయాలలో ఇది స్నేహాలకు దారి తీస్తుంది.

ప్రశ్న అడగడం అవమానం కాదు. అరగంటో గంటో సొంతంగా ప్రయత్నించి, ఏమేమి చూశారో చెప్పి అడిగితే సీనియర్లు సంతోషంగా సమాధానమిస్తారు. రోజుల తరబడి మౌనంగా ఉండడం వలన జట్టు మొత్తానికి నష్టం. ఇతరుల కోడ్‌ను సమీక్షించేటప్పుడు వ్యాఖ్య కోడ్‌పై ఉండాలి గాని రాసినవారిపై ఉండరాదు.

ఉద్యోగ ప్రవేశంలో జాగ్రత్తలు

ఇంజనీరింగ్ పట్టభద్రుల సంఖ్య అధికంగా ఉండడం వలన ఈ రంగంలో మోసాలు కూడా ఉన్నవి. విద్యార్థులు, తల్లిదండ్రులు గమనించవలసిన విషయాలు కొన్ని:

- ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మరాదు. "శిక్షణ రుసుము", "ధరావతు", "దొడ్డిదారి ప్రవేశం" ఏ పేరుతో అడిగినా ఒక్కటే.
- లేని అనుభవాన్ని ఉన్నట్లు చూపే పత్రాలు కొనరాదు. భవిష్యనిధి ఖాతాదారులకు 2014 నుండి 12 అంకెల సార్వత్రిక ఖాతా సంఖ్య ఇస్తున్నందున పాత ఉద్యోగాల వివరాలు సరిచూడడం సులువైనది. చేరిన రెండు మూడేళ్ళకు బయటపడినా ఉద్యోగం పోతుంది.
- అసలు ధ్రువపత్రాలను తమవద్దే ఉంచుకొంటామనే సంస్థల విషయంలో జాగ్రత్త వహించాలి. నకళ్ళు ఇచ్చి, అసలు పత్రాలను చూపి వెనుకకు తీసుకోవాలి.
- బాండ్ ఉంటే దాని కాలపరిమితి, మొత్తం చదివిన తరువాతే సంతకం చేయాలి.
- చెప్పిన వార్షిక జీతంలో చేతికి వచ్చేది ఎంతో విడిగా అడగాలి. భవిష్యనిధి, గ్రాట్యుటీ, బీమా, పనితీరుపై ఇచ్చే మొత్తం అందులోనే కలిసి ఉండవచ్చును.
- నియామక లేఖ వచ్చిన ఈమెయిల్ చిరునామా ఆ సంస్థ అధికారిక చిరునామాయేనా అని చూడాలి.

పది భాషల పేర్లు రాసిన వివరపత్రం కంటే, పూర్తిగా పనిచేసే ఒక చిన్న ప్రాజెక్టు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. ఊరి పాలకేంద్రం లెక్కలు, కళాశాల గ్రంథాలయం, బస్సుల సమయాలు వంటి నిజమైన అవసరాన్ని తీర్చి, నలుగురు వాడిన ప్రోగ్రాము గురించి ముఖాముఖిలో ఎంతసేపైనా మాట్లాడవచ్చును.

ఆరోగ్యం, ఆదాయం

గంటల తరబడి కూర్చొని తెరను చూడడం వలన మెడ, నడుము, మణికట్టు నొప్పులు, కళ్ళు పొడిబారడం ఈ వృత్తిలో సాధారణం. తెర పైఅంచు కంటి ఎత్తులో ఉండేటట్లు అమర్చుకోవాలి. ప్రతి 20 నిమిషాలకొకసారి దూరంగా చూడడం, గంటకొకసారి లేచి నడవడం మేలు. విదేశీ వేళలకు అనుగుణంగా రాత్రిపూట పనిచేసేవారికి నిద్ర దెబ్బతింటుంది. పగలు చీకటి గదిలో నిర్ణీత వేళకు నిద్రించడం, వీలైనంతవరకు వేళలు తరచు మారకుండా చూసుకోవడం అవసరం. నొప్పి వారాల తరబడి తగ్గకపోయినా, నిద్రలేమి, దిగులు కొనసాగినా వైద్యుని సంప్రదించాలి.

మొదటి జీతంతోనే ఇంటి అప్పు, కారు అప్పు మొదలుపెట్టడం కంటే, ముందుగా ఆరు నెలల ఖర్చులకు సరిపడే మొత్తాన్ని పొదుపు చేయడం క్షేమం. ఉద్యోగ కోతల సమయంలో ఈ పొదుపు ఉన్నవారు వచ్చిన మొదటి అవకాశానికి తలవంచకుండా తగిన పని వెదుక్కోగలరు. సంస్థ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతో పాటే ముగుస్తుంది. కనుక తల్లిదండ్రులకు విడిగా బీమా తీసుకొనడం మంచిది.

ఇంటి నుండి పని

2020 మార్చిలో కోవిడ్-19 లాక్‌డౌన్‌తో నగరాలలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పెద్ద సంఖ్యలో సొంత ఊళ్ళకు వచ్చి ఇంటి నుండి పనిచేశారు. తరువాత చాలా సంస్థలు వారంలో కొన్ని రోజులైనా కార్యాలయానికి రావలసిందిగా కోరినవి. ఊరి నుండి పనిచేసేవారికి ఇన్వర్టరు, రెండు వేర్వేరు అంతర్జాల సౌకర్యాలు, తలుపు వేసుకొనే వీలున్న గది ముఖ్యం. ఇంట్లో ఉన్నవారు ఖాళీగా ఉన్నారని బంధువులు భావించడం సహజం కనుక, పనివేళలను ముందే చెప్పి ఉంచాలి. ఎదుట లేని జట్టుకు మన పని కనబడేది రాతలోనే. రోజు చివర ఏమి పూర్తయినదో, ఏది ఆగినదో రెండు పంక్తులలో రాయడం ఈ పద్ధతికి ప్రాణం.

కృత్రిమ మేధ

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన తరువాత ప్రోగ్రాములు రాసిపెట్టే కృత్రిమ మేధ పరికరాలు త్వరగా వ్యాపించినవి. పరిచితమైన చిన్న భాగాలు రాయడం, తెలియని కోడ్‌ను వివరించడం, పరీక్షలు తయారుచేయడంలో ఇవి సమయాన్ని ఆదా చేస్తాయి. అయితే తప్పును కూడా ఒప్పు అంత ధీమాగా చెప్పడం వీటి స్వభావం. ఇచ్చిన జవాబును చదివి, పరీక్షించి, బాధ్యత వహించవలసినది డెవలపరే. సంస్థ రహస్య కోడ్‌ను, వాడుకరుల వివరాలను అనుమతి లేకుండా ఇటువంటి పరికరాలలో ఉంచరాదు.

నేర్చుకొనే దశలో ఉన్న విద్యార్థి ప్రతి అభ్యాసాన్ని యంత్రంతో చేయిస్తే, యంత్రం పొరబడినప్పుడు గుర్తించే శక్తి అలవడదు. ముందు సొంతంగా ప్రయత్నించి, తరువాత యంత్రం జవాబుతో పోల్చుకొనడం ఉభయతారకం. కోడ్ రాయడం సులువైనకొద్దీ, ఏది రాయాలో నిర్ణయించడం, రాసినది సరియైనదో కాదో తేల్చడం మరింత విలువైన పనులవుతాయి. మండీలో గుమస్తా చీటీని గమనించడం, "చిత్తూరు" అనే పదం గడిలో పడుతుందో లేదో పరీక్షించడం అటువంటి పనులే.

ఇవి కూడా చూడండి

- శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం
- కుప్పం
- యూనికోడ్
- స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్
- వై2కె సమస్య